వయసు తూకం

మస్కట్ నగరంలో, బౌషర్ విలాయత్ కిందికి వచ్చే ఘుబ్రాలో 1987లో రాయల్ హాస్పిటల్ తెరుచుకుంది. 1970 వరకూ ఒమాన్‌లో ఆసుపత్రి అంటే అమెరికన్ మిషనరీలు మత్రా ప్రాంతంలో నడిపిన చిన్న ఆసుపత్రి గుర్తొచ్చేది. అలాంటి దేశంలో 2004 నాటికి ఘుబ్రా ఆసుపత్రి ఆవరణలోనే జాతీయ క్యాన్సర్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. చికిత్స కంటే ముందే లెక్క మొదలైంది. ఒమాన్ క్యాన్సర్ రిజిస్ట్రీ 1985లో ఆసుపత్రి రికార్డులతో మొదలై, 1996లో దేశ పౌరులందరినీ పరిగణించే రిజిస్ట్రీగా మారింది; 2001 నుంచి క్యాన్సర్ కేసు తేలితే తెలియజేయడం తప్పనిసరి చేశారు. కేసుల నమోదు కుదురుకున్నాక సహజంగా వచ్చే ప్రశ్న ఒకటుంది. జబ్బు బయటపడ్డవాళ్లలో ఐదేళ్ల తర్వాత ఎంతమంది బతికి ఉన్నారు, ఆ సంఖ్యను లండన్ సంఖ్యతోనో చెన్నై సంఖ్యతోనో పక్కపక్కన పెట్టవచ్చా? పెట్టవచ్చు, కానీ వయసు సంగతి తేల్చుకున్న తర్వాతే. అలా తేల్చుకోవడానికి గణాంక శాస్త్రం నూట అరవై ఏళ్లకు పైగా తీసుకుంది. ఆ పద్ధతులు ఒమానీ రోగికి చాలావరకు న్యాయం చేస్తాయని, అదే నగరంలో పనిచేసే తెలుగు కార్మికుడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆగిపోతాయని, ఆ ఆగిపోవడం వయసు సవరణలో లోపం కాదని నా వాదన.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. లెక్క కోసం రెండు ఆసుపత్రులను ఊహించుకుందాం, ఒక్కోదానిలో వెయ్యి మంది రోగులు. మొదటిదాంట్లో 700 మంది 65 ఏళ్లలోపువాళ్లు, 300 మంది ఆపై వయసువాళ్లు. చిన్నవాళ్లలో 75 శాతం, పెద్దవాళ్లలో 35 శాతం ఐదేళ్లు దాటారు. మొత్తం 630 మంది, అంటే 63 శాతం. రెండోదాంట్లో వయసుల పొందిక తలకిందులు: 300 మంది చిన్నవాళ్లు, 700 మంది పెద్దవాళ్లు. అక్కడ చిన్నవాళ్లలో 80 శాతం, పెద్దవాళ్లలో 40 శాతం బతికారు. మొత్తం 520 మంది, 52 శాతం. ఏ వయసు రోగికైనా రెండో ఆసుపత్రే మేలు. అయినా మొత్తం అంకె చూస్తే మొదటిదే పదకొండు పాయింట్లు ముందుంది. ఇది అరుదుగా జరిగే వింతేమీ కాదు. యువజనం ఎక్కువున్న దేశాన్ని వృద్ధులు ఎక్కువున్న దేశంతో పోల్చినప్పుడల్లా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. 1993లో ఒమాన్ తొలి జనగణన జరిగినప్పుడు ఒమానీయుల్లో దాదాపు సగం మంది 15 ఏళ్లలోపు పిల్లలు. అలాంటి జనాభా నుంచి వచ్చే క్యాన్సర్ రోగుల వరుస యూరప్ ఆసుపత్రుల ముందు నిలబడే వరుసలా ఉండదు. సవరించని మనుగడ రేటు ఘుబ్రా వైద్యాన్ని ఉన్నదానికంటే గొప్పగా చూపించవచ్చు. మంచి పేరు వచ్చినా అది తప్పు లెక్కే, ఎందుకంటే దాన్ని నమ్మి ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించేవాళ్లు ఉంటారు.

ఈ ప్రమాదాన్ని మొదట పసిగట్టినవాళ్లలో ఒక బీమా గణకుడు ఉన్నాడు. 1842లో ఎడ్విన్ చాడ్విక్ బ్రిటన్ శ్రామికుల పారిశుద్ధ్య స్థితిపై తన ప్రసిద్ధ నివేదికలో మరణించినవారి సగటు వయసును కొలమానంగా వాడాడు. లివర్‌పూల్‌లో సంపన్నుల సగటు మరణ వయసు 35, కూలీలది 15 అన్న అంకె చదివినవాళ్లను కుదిపేసింది. పేదల తరఫున చాడ్విక్ పడిన ఆవేదన నిజమైనదే, మురికివాడల్లో చావులు ఎక్కువన్నదీ నిజమే. కానీ 1844 జనవరిలో ఎఫ్.జి.పి. నీసన్ లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చదివిన పత్రంలో ఈ కొలమానాన్ని పట్టి చూపించాడు. పిల్లలు ఎక్కువున్న పేటలో చనిపోయేవాళ్లలోనూ పిల్లలే ఎక్కువుంటారు, కాబట్టి ఆ పేట ఎంత ఆరోగ్యంగా ఉన్నా సగటు మరణ వయసు తక్కువగానే తేలుతుంది. నీసన్ సూచించిన మందు సులువైనది. ఒక పేట ప్రజలను లెక్కలో మరో పేటకు తరలించు, అక్కడి వయసువారీ మరణ రేట్లు వీళ్లకు వర్తింపజేయి, ఎంతమంది చనిపోతారో చూడు. వయసు సవరణ పద్ధతులన్నిటికీ మూలం ఈ ఊహాత్మక తరలింపే. చాడ్విక్ పక్షాన ఒక మాట చెప్పుకోవాలి: తప్పు కొలమానంతోనైనా అతను లోకం కళ్లు తెరిపించాడు. అయితే ఆ కొలమానమే నిలిచి ఉంటే, పిల్లలను ఎక్కువగా కనే పేట ఎంత బాగుపడినా బాగుపడినట్టు కనిపించేది కాదు.

ఆ తర్వాత యాభై ఏళ్లలో విలియం ఫార్, విలియం ఓగిల్ వంటివాళ్లు ఈ ఊహను ప్రభుత్వ గణాంకాల్లో అలవాటుగా మార్చారు. 1890 దశకం మొదట్లో ఓగిల్ అందరికీ ఒకే ప్రామాణిక జనాభా ఉండాలని ప్రతిపాదించాడు. క్యాన్సర్ విషయంలో ఆ పని పూర్తిచేసింది జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయ ఆచార్యుడు మిత్సుఓ సెగి. 1960లో 46 దేశాల జనాభా నుంచి ఆయన రూపొందించిన 'ప్రపంచ జనాభా'ను రిచర్డ్ డాల్ బృందం కొద్దిగా మార్చి, 1966లో ఖండాలవారీ క్యాన్సర్ కేసుల తొలి సంపుటంలో వాడింది. ఆ ఊహాత్మక లోకంలో 31 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు 7 శాతమే. తెలుగు పత్రికల్లో హైదరాబాద్ జిల్లాలో రొమ్ము క్యాన్సర్ లక్ష మంది మహిళలకు 48 అని వచ్చిన అంకె, భారత వైద్య పరిశోధన మండలి 2020 నివేదికలోది, ఈ సెగి లోకానికి సవరించినదే. అక్కడి వీధుల్లో నిజంగా లెక్కపెడితే వచ్చే రేటు వేరుగా ఉంటుంది. ఢిల్లీతోనూ చెన్నైతోనూ పోల్చడానికి మాత్రం 48 పనికొస్తుంది.

ఇంతవరకూ లెక్క జబ్బు ఎంతమందికి వస్తుందన్నదాని గురించి. వచ్చినవాళ్లు ఎంతకాలం బతుకుతారన్నది వేరే దారిలో నడిచింది. 1926లో మేజర్ గ్రీన్‌వుడ్ చికిత్స అందని క్యాన్సర్ రోగులు సహజంగా ఎంతకాలం బతుకుతారో లెక్కగట్టి, ఆ అంచనాలో ఎంత ఊగిసలాట ఉంటుందో చెప్పే సూత్రం ఇచ్చాడు. ఆ సూత్రం ఈనాటికీ వాడుకలో ఉంది. అయితే డెబ్బై ఏళ్ల రోగి గుండెపోటుతో పోతే ఆ చావును క్యాన్సర్ ఖాతాలో వేయాలా? మరణ ధ్రువపత్రంలో రాసిన కారణాన్ని నమ్మలేని చోట ఈ ప్రశ్న మరీ ఇబ్బంది పెడుతుంది. 1950లో మేయో క్లినిక్‌కు చెందిన బెర్క్‌సన్, గేజ్ దీనికి ఒక దారి చూపారు: రోగుల మనుగడను, అదే వయసు, అదే లింగం గల సాధారణ ప్రజల మనుగడతో భాగించాలి. 1961లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎడెరర్, ఆక్స్‌టెల్, కట్లర్ ఈ సాపేక్ష మనుగడ రేటుకు పూర్తి పద్ధతి రాశారు. అది ప్రపంచమంతా పాకింది. ఎవరు ఏ కారణంతో చనిపోయారో తెలియనక్కర్లేదు. దేశ ఆయుర్దాయ పట్టిక ఉంటే చాలు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు నిర్ధారణకు వచ్చారు. సాపేక్ష మనుగడలో వయసు పట్టిక వాడాం కాబట్టి వయసు సవరణ జరిగిపోయిందనుకున్నారు. జరగలేదు. ఆ భాగాహారం ఇతర కారణాల చావులను తీసేస్తుంది, అంతే. క్యాన్సర్ కలిగించే అదనపు ప్రమాదమే వయసుతోపాటు మారుతుంది: వృద్ధుల్లో జబ్బు ఆలస్యంగా బయటపడవచ్చు, కీమోథెరపీ పూర్తి మోతాదు తట్టుకోలేకపోవచ్చు, సర్జరీ చేయలేకపోవచ్చు. అందుకే వృద్ధుల పాలు ఎక్కువున్న చోట సాపేక్ష రేటు కూడా దిగుతుంది. ఇంకో సూక్ష్మమూ ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ వృద్ధ రోగులు ముందు రాలిపోతారు. ఐదో ఏటికి, పదో ఏటికి మిగిలే గుంపు మొదటిరోజు గుంపు కంటే చిన్న వయసుది. అప్పుడు మనం కొలుస్తున్నది ఎవరిని? ఈ ప్రశ్నను ఫిన్లాండ్ క్యాన్సర్ రిజిస్ట్రీకి చెందిన టిమో హకులినెన్ 1982లోనే లేవనెత్తి, తన పద్ధతిలో సవరించే ప్రయత్నం చేశాడు. 2012లో స్లొవేనియా పరిశోధకులు మాయా పొహార్ పెర్మె, యానెజ్ స్టారె, ఫ్రెంచ్ గణాంకవేత్త జాక్ ఎస్తేవ్‌తో కలిసి, అప్పటివరకూ వాడిన సాపేక్ష అంచనాలు మనకు కావలసిన నికర మనుగడను (ఇతర కారణాల చావులే లేకుంటే ఉండే మనుగడను) సరిగ్గా కొలవవని నిరూపించారు. ఇతర కారణాలతో పోయే అవకాశం ఎంత ఎక్కువుంటే, బతికున్న రోగికి అంత ఎక్కువ బరువిచ్చే కొత్త అంచనాను అందించారు. దేశాల మధ్య జరిగే పెద్ద పోలికలు ఇప్పుడు దాన్నే వాడుతున్నాయి.

మిగిలింది ప్రామాణిక తూకాల సంగతి. మనుగడకు సెగి జనాభా పనికిరాదు. లెక్కించేది రోగుల్ని, ప్రజల్ని కాదు. 2004లో కొరాజియారి, క్విన్, కపొకాచియా యూరప్ రోగుల వివరాల నుంచి మూడు ప్రామాణిక రోగి సమూహాలను రూపొందించారు. వయసుతో పెరిగే మామూలు క్యాన్సర్లకు మొదటిది: 15–44 ఏళ్లవారికి నూటికి 7, 45–54కు 12, 55–64కు 23, 65–74కు 29, 75 దాటినవారికి 29. సర్వికల్, థైరాయిడ్, మెదడు వంటి క్యాన్సర్లకు రెండోది, అందులో చిన్న వయసుకు 28. హాడ్జ్‌కిన్ వంటి యువ వయసు జబ్బులకు మూడోది, అక్కడ 15–44 వాటా ఏకంగా 60. పైన ఊహించుకున్న రెండు ఆసుపత్రులకు మొదటి తూకం వేస్తే, 65 లోపువారికి 42, ఆపై వారికి 58 పడుతుంది. మొదటి ఆసుపత్రి రేటు 51.8కి, రెండోదాని రేటు 56.8కి చేరుతుంది. మెరుగైన వైద్యం పైకి వచ్చింది.

ఘుబ్రా వైపు నుంచి గట్టి ఆక్షేపణ ఇక్కడే వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ 58 యూరప్ వృద్ధుల వాటా. రొమ్ము క్యాన్సర్‌నే తీసుకుంటే ఒమాన్‌లోనూ మన దేశంలోనూ రోగుల్లో యాభై లోపు స్త్రీలు చాలామంది. 75 దాటినవారు ఏటా వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నచోట, తుది అంకెలో 29 శాతం ఆ కొద్దిమంది భుజాల మీద పెడితే ఏమవుతుంది? ఇద్దరు ఎక్కువ బతికినా తక్కువ బతికినా దేశం రేటు ఊగిపోతుంది. పాత పద్ధతిలో ముందు ప్రతి వయసు వర్గానికీ విడిగా మనుగడ లెక్కించి, తర్వాత తూకం వేసేవాళ్లు. నాలుగో ఏట ఒక వర్గంలో ఎవరూ మిగలకపోతే లెక్క అక్కడితో ఆగిపోయేది. చిన్న దేశాల రిజిస్ట్రీలకు ఇది తరచూ ఎదురయ్యే స్థితి. 2004లోనే జర్మనీకి చెందిన హెర్మన్ బ్రెన్నర్, హకులినెన్ తదితరులతో కలిసి వేరే మార్గం చూపాడు. వర్గాలకు కాక మనుషులకే తూకం వేయాలి: ప్రమాణంలో ఆ వయసు వాటాను, మన రోగుల్లో ఆ వయసు వాటాతో భాగిస్తే వచ్చేది ఒక్కొక్కరి బరువు. ఆ బరువులతో ఒకే మనుగడ పట్టిక గీస్తారు. ఏదో ఒక వర్గం ఖాళీ అయినా లెక్క చెడదు. పైగా ప్రమాణంగా మన రోగులనే తీసుకుంటే సవరించిన రేటు, సవరించని రేటు ఒకటే అవుతాయి. పాత పద్ధతిలో ఆ పొంతన కుదిరేది కాదు. ఒమాన్ లాంటి చోట ఇదే మేలైన దారి అని నేననుకుంటాను. కొద్దిమంది వృద్ధుల మీద పడే భారం దీనివల్ల పోదని కూడా ఒప్పుకోవాలి. అందుకే సవరించిన రేటు పక్కనే వయసువారీ రేట్లు, ప్రతి వర్గంలో ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్య తప్పక అచ్చువేయాలి. ప్రమాణాన్ని వదిలేసి ప్రతి దేశం తనకు నచ్చిన తూకం వాడితే నీసన్‌కు ముందు కాలానికే తిరిగి వెళతాం.

వైద్యుల నుంచి వినిపించే మరో మాట: సవరించిన రేటు ఏ రోగికీ చెందదు, అలాంటి జనాభా భూమ్మీద లేదు, రోగి అడిగితే చెప్పడానికి అది పనికిరాదు. నిజమే, రోగికి చెప్పాల్సింది ఆ వయసు, ఆ దశ, ఆ జబ్బు గురించిన అంకె. సవరించిన రేటు ఆసుపత్రులకూ దేశాలకూ సంబంధించినది. కొత్త రేడియోథెరపీ యంత్రం కొనడం పనికొచ్చిందా, రోగులు ఇదివరకటి కంటే చిన్న వయసులో వస్తున్నారు కాబట్టి అలా కనిపిస్తోందా అని తేల్చడానికి. ఈ రెండు పనులకు ఒకే అంకె వాడినప్పుడే గందరగోళం పుడుతుంది.

ఇక తెలుగువాళ్ల సంగతి. 1993 జనగణనలో ఒమాన్ జనాభా దాదాపు 20 లక్షలు, అందులో నాలుగో వంతుకు పైగా విదేశీయులు. 2020 నాటికి 44 లక్షల పైచిలుకులో దాదాపు 39 శాతం. నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి నిర్మాణ పనులకూ ఇంటి పనులకూ వెళ్లినవాళ్లు వీళ్లలో ఉన్నారు. ఖండాలవారీ క్యాన్సర్ కేసుల సంపుటాల్లో ఆ దేశపు వరుసకు ఉన్న పేరు 'ఒమాన్: ఒమానీ'. రేట్లు పౌరులకే. దీన్ని వివక్ష అని కొట్టిపారేయలేం, ఎందుకంటే దాని వెనుక గట్టి కారణం ఉంది. పనివయసు మగవాళ్లతో ఉబ్బిన, ఏటేటా మారే జనాభాను హారంలో కలిపితే రేటుకు అర్థం పోతుంది. వయసు తేడాను సెగి తూకంతో సరిచేయవచ్చు కదా అంటే, సమస్య వయసు ఒక్కటే కాదు. వీసాకు ముందు మెడికల్ పరీక్షలో నెగ్గినవాళ్లే విమానం ఎక్కుతారు, కాబట్టి వలసజనం మొదటినుంచీ ఏరి తీసిన ఆరోగ్యవంతులు. సాపేక్ష మనుగడకు ఏ ఆయుర్దాయ పట్టిక వాడాలి? ఒమానీయులది సరిపోదు, తెలంగాణదీ సరిపోదు.

అంతకంటే పెద్ద చిక్కు తిరుగు ప్రయాణం. ప్రభుత్వ వైద్యం ప్రధానంగా పౌరులకు ఉద్దేశించినది. గడ్డ తేలిన కార్మికుడు చాలాసార్లు ఊరికే బయల్దేరతాడు. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టు జబ్బుపడ్డ వలసజీవి పుట్టినచోటికి చేరడాన్ని ప్రపంచమంతటా గమనించారు. అతని మరణం మస్కట్ పుస్తకాల్లోకి ఎక్కదు. మరణవార్త రానివాళ్లను బతికున్నవాళ్లుగా లెక్కిస్తే, ఆ రోగి గణాంకాల్లో చావులేనివాడు అవుతాడు. ఈ ప్రమాదం ఎంత లోతైనదో మన పొరుగున చెన్నై చూపించింది. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన స్వామినాథన్, రమ, వి. శాంత 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో రాసిన పత్రంలో, రోగి ఇంటికి వెళ్లి, ఉత్తరం రాసి ఆరా తీయకుండా మరణ నమోదుల మీదే ఆధారపడితే మనుగడ రేటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని తేల్చారు. నెల్లూరు, చిత్తూరు రోగులు ఏళ్లుగా వెళ్తున్న ఆసుపత్రి అది. ఒకే రాష్ట్రంలో, ఒకే భాషలో ఆరా తీస్తేనే ఇంత తేడా వస్తే, సముద్రం దాటినవాడి సంగతి చెప్పనక్కర్లేదు. ఇటువైపు కూడా వల చిన్నదే: నిమ్స్‌లో నడిచే హైదరాబాద్ రిజిస్ట్రీ పరిధి ఆ జిల్లా వరకే, జగిత్యాల పల్లెకు చేరిన మనిషి ఆ పరిధిలోకీ రాడు. ఈ లోపాన్ని పొహార్ పెర్మె అంచనా పూడ్చలేదు, బ్రెన్నర్ బరువులూ పూడ్చలేవు. తూకం వేయాలంటే ముందు మనిషి తక్కెడలో ఉండాలి.

అలా ఉండాలంటే ఊరికి చేరిన రోగి గురించి ఆరా తీయాలి. వ్యక్తిగత వివరాలు దేశాలు దాటించడం ప్రమాదం కదా అనే అభ్యంతరం సబబైనదే. జబ్బు పేరు తెలిస్తే యజమాని వీసా రద్దు చేస్తాడేమోనన్న భయం కార్మికుడికి ఉంటుంది. అయితే యజమానికి తెలియనక్కర్లేదు. రోగి సమ్మతితో సొంత జిల్లా, బంధువు ఫోన్ నంబరు రిజిస్ట్రీలో ఉంటే, ఏడాదికోసారి ఒక పలకరింపుతో బతికున్నాడా లేడా అన్నది తెలుస్తుంది. చెన్నై చేసిందీ అలాంటి పనే. సంఖ్య చాలా చిన్నది కదా అంటే, చిన్న సంఖ్యలతో ఏం చేయాలో పై పద్ధతులు నేర్పాయి. వలస కార్మికుల్లో 65 దాటినవాళ్లు దాదాపు ఉండరు కాబట్టి 58 వాటా పక్కన పెట్టి, మొదటి ప్రమాణంలోని 7, 12, 23ను మిగిలిన 42తో భాగించాలి. అప్పుడు 15–44కు దాదాపు 17 శాతం, 45–54కు 29, 55–64కు 55 తూకం వస్తుంది. అదే తూకంతో ఒమానీ పౌరుల 65 లోపు రేటునూ లెక్కించి పక్కన పెడితే, ఒకే నగరంలో ఒకే జబ్బు బయటపడ్డ ఇద్దరు మనుషుల మధ్య తేడా ఉందో లేదో, ఉంటే ఎంతో తెలుస్తుంది. ఆ తేడా వయసుది కాదని అప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు.